బోర్లా పేర్చిన నక్షత్రం

మిదెల్త్, 1978 ఫిబ్రవరి 27

ఆ ఆకుపచ్చ ముక్క నేను పెట్టలేదు. మిలాద్ పండగనాడు, ఫెజ్‌లో మన మసీదు ముంగిట, వీధి వీధంతా చూస్తుండగా నేనే పెట్టానని చెప్పి నా చేతిలో సుత్తి లాక్కున్నావు. పదకొండేళ్ల నా పని ఒక్క మాటతో మట్టిలో కలిపావు. సలాం రాయడం మరిచిపోలేదు బాబాయ్. రాయబుద్ధి కాలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే ఈపాటికి నువ్వు ఇంకోలా చెప్పుకుంటూ ఉంటావు. నమాజుకు ముందు జనం కాళ్లూ చేతులూ కడుక్కునే ఆ నీళ్లగోడ మీద నువ్వూ నేనూ నాలుగు నెలలు కూర్చున్నాం. మన పని తీరే అంత. మెరుగు ముఖం నేలకు, మట్టి వీపు మనకు. వేల మెరుగు పెంకు ముక్కలు బోర్లా పేర్చి, మీద గచ్చు పోసి, అది బిగిశాక పలకను లేపి నిలబెట్టేదాకా ఏం చేశామో మనకే తెలియదు. అంచులు నావి. నడిమి నక్షత్రం నీది. ఒక్క మధ్యాహ్నం నువ్వు రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ నక్షత్రంలో ఏడో ఎనిమిదో ముక్కలు నేను పెట్టాను, ఆ సంగతి దాచను. కానీ నీలం కుప్ప ఏదో ఆకుపచ్చ కుప్ప ఏదో నా చేతికి నిద్రలో కూడా తెలుసు.

పలక లేపారు. నీలం నక్షత్రం గుండెలో ఒక్క ఆకుపచ్చ ముక్క. పిల్లలు కూడా వేలు చూపించి నవ్వారు. నువ్వు గోడ వైపు కాసేపు చూశావు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నకొడుకని జాలిపడి పెట్టుకుంటే ఇదీ ఫలం. వీడి చేతికి కళ్లు లేవు" అన్నావు.

నాన్న సుత్తి మాత్రం తెచ్చుకున్నాను. అది నీది కాదు, గోడకు నువ్వు తగిలించినంత మాత్రాన నీది అయిపోదు. ఇక్కడ ఒక మోటారు షెడ్డులో గోడలకు సిమెంటు పూస్తున్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బడి మెట్లు ఎక్కనివాణ్ని, ముక్కలు చుట్టొచ్చిన పాత పేపర్లు చూసి అక్షరాలు దిద్దుకున్నవాణ్ని. ఈ ఉత్తరం నా చేత్తోనే రాస్తున్నాను, తప్పులుంటే నవ్వుకో.

ఇంకో మాట. నువ్వా అబద్ధం చెప్పింది అల్లా ఇంటి ముంగిట. ఆయన విన్నాడు, ఊరుకున్నాడు. ఇక నాకూ ఆయనకూ మాటల్లేవు. ఆరోజు నుంచి నమాజు చెయ్యలేదు. రఖియా పిన్నికి ఈ ముక్క చదివి వినిపించకు, ఏడుస్తుంది. నువ్వు ఏడిస్తే నాకేం అభ్యంతరం లేదు.

వచ్చే శుక్రవారం అదే ముంగిట నిలబడి ఆ ముక్క నాది కాదని చెప్పు.

బూష్తా


ఫెజ్, 1978 మార్చి 14

దయామయుడి పేరుతో మొదలుపెట్టి, మా అన్న కొడుకు బూష్తాకు నీ బాబాయి తయ్యిబ్ రాయించునది. ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం బెన్నీస్ మాస్టారు చదివి వినిపించాడు. మధ్యలో రెండుసార్లు దగ్గాడు. ఎక్కడ దగ్గాడో నీకు తెలుసు.

ఒరే, ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఈ చేతులు పేర్చిన గోడలు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకో. నా చేతికి తప్పు అంటగట్టడానికి నీకు నోరెలా వచ్చింది? మా మేస్త్రి నన్ను మండుటెండలో పెరట్లో నిలబెట్టిన రోజులున్నాయి. నేను ఊరు విడిచి పోలేదు. ఉత్తరాలు రాయలేదు. కళ్లు దించుకుని మళ్లీ కూర్చుని ముక్కలు కొట్టాను. నువ్వు మెక్నెస్‌లో ఆ ఇంకో మేస్త్రి దగ్గర చేరడానికే ఈ నాటకం ఆడుతున్నావని అనుమానంగా ఉంది. ఆయన చాలా రోజులుగా నిన్ను అడుగుతున్నాడు, నాకు తెలియదనుకోకు.

నువ్వు ఏమైపోయావని వీధి అడుగుతుంటే ఏం చెప్పను? దక్షిణాన ఒక దర్గాకు ఒంటరిగా మొక్కు తీర్చుకోవడానికి వెళ్లాడు, తప్పుకు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడు అని చెప్పాను. నీ పరువు కోసమే. ఇప్పుడు నీ పేరు చెబితే చాలు, కళ్లకద్దుకుంటున్నారు. రొట్టెల పొయ్యి ఖద్దూజ్ నన్ను దారిలో ఆపేసింది.

"తయ్యిబ్ అన్నా, కుర్రాడికి ఇంత భక్తి ఉందని ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఉన్నవాడు చెప్పుకోడు" అన్నాను.

"అయితే అక్కడ నా కుడి మోకాలి సంగతి విన్నవించమను. ఎడమది బాగానే ఉంది, దాని జోలికి పోవద్దను."

కాబట్టి ఎక్కడున్నావో అక్కడే ఆ మోకాలి సంగతి చూడు. నీకూ ఆయనకూ మాటల్లేవని రాశావు. ఖద్దూజ్ కోసమైనా మాట కలుపు.

మిదెల్త్ చలి నాకు తెలుసు, పెళ్లికి ముందు ఒక శీతాకాలం అక్కడ పనిచేశాను. బస్సులో ఉన్ని జుబ్బా పంపుతున్నాను. నేనే బజారుకు వెళ్లి, నేనే ఎంచి కొన్నాను, మీ పిన్నికి కూడా చెప్పలేదు. మంచి నీలం. మీ నాన్న వేసుకునేవాడే, ఆ నీలం.

అది వేసుకుని వచ్చెయ్. వచ్చి తప్పయిపోయిందను. నేను మళ్లీ ఆ మాట ఎత్తను.

నీ బాబాయి


తగ్మూత్, 1978 ఏప్రిల్ 6

బాబాయ్, ఎత్తిపొడవడానికి అంత దూరం నుంచి బస్సు కిరాయి కట్టి ఆకుపచ్చ జుబ్బా పంపాలా? ఉత్తరంలో నీలం అని రాయించి, మూటలో ఆకుపచ్చది పెట్టి, నేను విప్పి చూసినప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుని నవ్వుకున్నావా? ఆకుపచ్చ ముక్కకు ఆకుపచ్చ జుబ్బా, సరిపోయిందనుకున్నావు. పైగా నాన్న పేరు అందులోకి లాగావు. అది ఒంటిమీద వెయ్యలేదు. తలుపు లేని గదికి అడ్డంగా వేలాడదీశాను. గాలి ఆగుతోంది, అందుకు మాత్రం నీకు రుణపడ్డాను.

ఉత్తరం కూడా మాస్టారి చేత రాయించావు. నాకు రాయడానికి నీ చెయ్యి రాలేదు. సరే.

నేను మెక్నెస్‌లో లేను. మిదెల్త్‌లోనూ లేను. షెడ్డు యజమాని పైవాడి కోపం కిందివాడి మీద చూపించే రకం. అలాంటివాణ్ని ఒకణ్ని చూసినవాణ్ని, ఇంకొకణ్ని భరించలేను. సుత్తి సంచిలో వేసుకుని దక్షిణం వైపు నడిచాను. తొమ్మిది రోజులు. బస్సుకు డబ్బుల్లేక కాదు, పక్క సీట్లో ఎవడైనా కూర్చుని ఏ ఊరు, ఎవరి కొడుకువి అని అడుగుతాడని.

ఒంటరిగా నడిస్తే ఏమవుతుందో చెప్పనా? మొదటి రోజంతా నిన్ను తిట్టాను. రెండో రోజు కూడా. మూడో రోజుకు తిట్లు మళ్లీ మొదటికి వచ్చాయి. ఎంత కోపం ఉన్నా మాటలు కొన్నే ఉన్నాయని అప్పుడు తెలిసింది. తర్వాత దారి చూశాను. కొండ మీద మంచు కరిగి వాగులో దిగుతుంది. ఆ వాగులో ముఖం కడుక్కున్నాను, మోచేతులదాకా కడుక్కున్నాను, కాళ్లు కూడా కడుక్కున్నాను. లేచి చూస్తే తూర్పు వైపు, నమాజుకు తిరిగే దిక్కుకే తిరిగి నిలబడి ఉన్నాను. అలవాటు. నన్ను నేనే తిట్టుకుని సంచి ఎత్తుకున్నాను.

ఖద్దూజ్ పిన్ని మోకాలి మాట తీర్చాను. నమాజులో కాదు. కనుమ మీద నిలబడి, "ఫెజ్‌లో ఖద్దూజ్, రొట్టెల పొయ్యి, కుడి మోకాలు" అని గట్టిగా అరిచాను. ఒక గొర్రెలకాపరి రాతి మీద నుంచి లేచి, "నువ్వెవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు. "ఎవరితో కాదు" అన్నాను. "అంత గట్టిగా అవసరం లేదు, వినేవాడు ఇక్కడికి దగ్గరే" అన్నాడు. పిచ్చివాడో ఏమో.

తగ్మూత్ అని చిన్న ఊరు. మట్టి మసీదు, దాని ముంగిట పగిలిన జాడీ, దాంతోనే అందరూ కడుక్కుంటారు. ఇమాం పేరు మోహా. నా సంచిలో సుత్తి చూసి, "ఇది ఫెజ్ సుత్తి కదా. నీళ్లగోడ కడతావా?" అన్నాడు. "నేను నమాజు చెయ్యను" అన్నాను ముందే. "నేను గోడ సంగతి అడిగాను" అన్నాడు. ఆయన భార్య ఇట్టో అప్పటికే చాపవేసి రొట్టె పెట్టేసింది. తినే దాకా ఎవరూ ఇంకేం అడగలేదు.

గోడ కడుతున్నాను. వీళ్ల మీద ప్రేమతో కాదు. ఒంటరిగా, ఒక్క చేత్తో, ఒక్క తప్పు ముక్క లేకుండా కట్టి చూపిస్తాను. అప్పుడు తెలుస్తుంది ఎవరి చేతికి కళ్లు లేవో.

ఆ శుక్రవారం మాట నువ్వు మరిచిపోయావు. నేను మరిచిపోలేదు.

బూష్తా


ఫెజ్, 1978 ఏప్రిల్ 24

దయామయుడి పేరుతో. బూష్తాకు.

నేను పంపింది నీలం. నేను నా రెండు చేతులతో ఎంచాను. నీ ఉత్తరం విన్న రోజే ఆ దుకాణానికి వెళ్లాను. "నీలం అడిగితే ఆకుపచ్చ కడతావా, ముసలాణ్నని వేళాకోళమా?" అన్నాను. వాడు జుబ్బాల కట్ట కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు. "మేస్త్రీ, ఆకుపచ్చది నువ్వే ఎంచావు. మంచి రంగు అని వెలుతురులో కూడా పెట్టి చూశావు" అన్నాడు. అబద్ధాలకోరు. బస్సువాడు మార్చేశాడా అనుకుంటే, మూటకు నా ముడి అలాగే ఉందా? నా ముడి నీకు తెలుసు.

మెక్నెస్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారి చేత రాయించడం నిన్ను తక్కువ చెయ్యాలని కాదు. ఈ మధ్య కాగితం మీద నా గీతలు నిలవడం లేదు, అంతే.

పని తగ్గింది. ఒక పెళ్లివారి ఇంటి గచ్చు ఒప్పుకుని వదిలేశాను. మీ పిన్ని ఎందుకని అడుగుతోంది. నీకు తీరికగా ఉన్నప్పుడు ఒకటి రాయి. ఆ జుబ్బా సంగతి నువ్వొక్కడివి చూస్తే చాలదు, ఇంకెవరికైనా చూపించు. ఇమాంకు చూపించు. ఏ రంగని అడుగు. కోపంతో కాకుండా అడుగు, జవాబు ఉన్నదున్నట్టు రాయి.

ఈ ఉత్తరంలో నీకు రాయాల్సింది ఇదొక్కటే. మిగతావన్నీ మాస్టారు బాగోదని కలిపాడు.

నీ బాబాయి


తగ్మూత్, 1978 జూన్ 8

బాబాయ్,

జుబ్బా ఆకుపచ్చే. మోహా చూశాడు, ఇట్టో చూసింది, గడ్డి అనుకుని వాళ్ల గాడిద కొరకబోయింది కూడా. ముడి నీదే. నువ్వెందుకు అడుగుతున్నావో నాకు అర్థం కాలేదు, అడిగావు కాబట్టి రాశాను. ఇక నా సంగతి విను. ఇది రాయడానికి నాకు వారం పట్టింది.

కింది పట్నంలో కూల్చేసిన పాత స్నానాల ఇంటి నుంచి మెరుగు పలకలు రెండు గాడిదల మీద తెచ్చుకున్నాం. నాలుగు రంగులు. తెలుపు, నీలం, నలుపు, తేనె రంగు. మసీదు పక్క కొట్టంలో కూర్చుని ముక్కలు నేనే కొట్టాను, నేనే కుప్పలు పెట్టాను, నేనే పేర్చాను. ఎవరినీ రానివ్వలేదు. తలుపుకు తాళం, తాళంచెవి నా మెడలో. ఐదు వారాలు.

పొద్దున మోహా నమాజుకు పిలుస్తూ బాంగు ఇస్తాడు, నేను ముక్కలు కొడుతుంటాను. నమాజు అయ్యాక ఆయనే టీ పట్టుకొచ్చి గడప అవతల పెట్టి పోతాడు. ఒక్కరోజు కూడా రమ్మనలేదు. రమ్మనేవాడి మీద మొండికెయ్యొచ్చు. అననివాడి మీద ఎంతకాలం మొండికేస్తాం? ఒకరోజు నేనే ఉండబట్టలేక, "నన్నెందుకు పిలవవు?" అని అడిగాను. "నువ్వు గోడ కట్టకపోతే పిలిచేవాణ్ని" అన్నాడు.

ఒక్కణ్నే కూర్చుని మట్టి వీపులు చూస్తూ ఉంటే రోజులు నడుస్తాయి, బుర్ర ఆగదు. నాన్న గుర్తొచ్చాడు. ఆయన పోయిన రోజు నువ్వు నన్ను భుజం మీద ఎత్తుకుని స్మశానం దాకా నడిచావు. అప్పటికి నాకు పదేళ్లు, ఎత్తుకునే వయసు కాదు. ఆ సంగతి ఎన్నాళ్లుగానో మరిచిపోయాను. కోపం అనేది మంచివాటిని కిందికి తోసి పైన కూర్చుంటుంది.

మే ఆఖరి శుక్రవారం ఎనిమిది మంది పట్టి పలకను లేపారు. ఊరంతా ఉంది. నేను ముందుకెళ్లి చూశాను. నడిమి నక్షత్రం, తెల్లటి పదహారు కోణాలు, ఒక కోణం చివర తేనె రంగు ముక్క.

నా చెయ్యి. నా కుప్ప. నా తాళం. ఎవరి వైపూ తిరగడానికి లేదు. నేను తిరిగాను బాబాయ్, నిజం చెబుతున్నాను. మెడ దానంతటదే పక్కకు తిరిగింది, ఎవడి మీద పెడదామా అని. పక్కన గాడిద ఉంది.

సుత్తి ఎత్తాను, ఆ కోణం పగలగొడదామని. మోహా నా మణికట్టు పట్టుకున్నాడు.

"నీళ్లు వదిలి చూద్దాం. ఆ ముక్కను తప్పించుకుని పక్కనుంచి పోతాయేమో."

నీళ్లు వదిలారు. అన్నిటి మీద నుంచీ పారాయి, దాని మీద నుంచి కూడా. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ సంబరపు కేకలు పెట్టారు. ఒక ముసలాయన గోడను చేత్తో తడిమి, "ఇన్నాళ్లకు మా మసీదుకు ముఖం వచ్చింది" అన్నాడు. ఆ ముక్క అసలు ఎవరికీ పట్టలేదు. నాకొక్కడికే పట్టింది.

నేను కొండెక్కి పోయాను. సాయంత్రందాకా కూర్చున్నాను. ముక్క గురించి కాదు నా బాధ. నన్ను అల్లా వదిలేశాడని మూడు నెలలు తిట్టాను కదా, ఆ మూడు నెలలూ నేను చూసింది వెనక మట్టి. అవతలి వైపు ఏం పేరుస్తున్నాడో నాకేం తెలుసు? నేను ఏకంగా పని నుంచి లేచి వెళ్లిపోయాను. ఆయన నన్ను తీసెయ్యలేదు. తప్పు చేసే చెయ్యని తెలిసే పెట్టుకున్నాడు.

దిగి వచ్చి, నేను కట్టిన గోడ దగ్గరే చేతులు కడుక్కున్నాను. ఆ తేనె రంగు ముక్క సరిగ్గా కళ్లెదురుగా ఉంటుంది, తప్పించుకోలేం. లోపలికి వెళ్లి మోహా వెనక నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. కొంచెం పక్కకు జరిగాడు, అంతే. నుదురు చాపకు ఆనినప్పుడు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆకలేసింది. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను. ఖద్దూజ్ పిన్ని మోకాలి మాట ఈసారి మెల్లగా చెప్పాను.

ఇక అసలు మాట. ఆ మధ్యాహ్నం నీ నక్షత్రంలో నేను ఏడో ఎనిమిదో ముక్కలు పెట్టాను. నా చేతికి తప్పురాదని అనుకున్నాను కాబట్టి నిన్ను అబద్ధాలకోరు అన్నాను. వస్తుందని ఇప్పుడు చూశాను. ఆ ఆకుపచ్చ ముక్క నాదే అయ్యుండొచ్చు. నేను రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. శుక్రవారం నువ్వేం చెప్పనక్కర్లేదు.

బూష్తా


ఫెజ్, 1978 జూన్ 25

బూష్తా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. పంక్తులు వంకర పోతాయి, పెద్ద అక్షరాలు రాస్తాను, ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం మాస్టారు చదివాడు. చివరికొచ్చి, "కుర్రాడు ఒప్పుకున్నాడు మేస్త్రీ, ఇక మీకు ఏ బాధా లేదు" అన్నాడు. నన్ను విడిపించే తాళంచెవి చేతికి దొరికినట్టే. జేబులో వేసుకుని తిరిగితే చాలు, నన్ను అడిగేవాడు లేడు. రెండు రోజులు తిరిగాను కూడా. అన్నం సయించలేదు.

ఆ ముక్క నీది కాదు. ఆ పండగనాడు అందరూ "ఆకుపచ్చ, ఆకుపచ్చ" అని వేలు చూపించారు. నేను చూశాను. నాకు కనబడలేదు. గోడంతా నీలమే. అందరికీ కనబడేది నాకు కనబడలేదని ఆ క్షణంలో తెలిసింది. మేస్త్రికి రంగు కనబడకపోతే ఇంకేముంది? భయం వేసింది. నువ్వు పక్కన ఉన్నావు. నీ మీద పెట్టాను. 'వీడి చేతికి కళ్లు లేవు' అన్నాను చూడు, అది నా సంగతే.

నువ్వు పెట్టిన ముక్కలు ఎడమ కోణంలోవి. నాకు గుర్తుంది. ఆకుపచ్చది నడిబొడ్డున ఉంది. అది నేను పెట్టిందే.

జుబ్బాతో ఇంకో ఆశ పెట్టుకున్నాను, దుకాణంవాడు మోసగాడు అయితే నేను బాగున్నట్టే కదా అని. గాడిద కూడా సాక్ష్యం చెప్పింది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. శుక్లం అన్నాడు. పొర వచ్చి నీలాన్నీ ఆకుపచ్చనీ కలిపేస్తుందట. చలికాలంలో తీస్తానన్నాడు, చూపు వస్తే వస్తుంది.

మొన్న శుక్రవారం నమాజు అయ్యాక ఆ నీళ్లగోడ దగ్గర నిలబడ్డాను. "ఆగండి" అన్నాను. ఆగారు. "ఈ ముక్క నేను పెట్టాను. నా అన్న కొడుకు మీద అబద్ధం చెప్పాను. వాడు దర్గాకు పోలేదు, నేనే వెళ్లగొట్టాను" అన్నాను. అప్పుడు బయట గుమ్మం దగ్గర నుంచి ఖద్దూజ్ గొంతు:

"దర్గాకు పోలేదా? మరి నా మోకాలి నొప్పి ఎలా తగ్గింది?"

అందరూ నవ్వేశారు. నేనూ నవ్వానేమో. మంగలి అల్లాల్ వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఇంత చిన్న ముక్కకు ఇన్ని నెలలా మేస్త్రీ" అన్నాడు. సానుభూతో ఎగతాళో తెలియదు. ఇంటికొస్తే మీ పిన్ని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "వాడికి రాశావా?" అంది.

రాశాను. సుత్తి గోడకు తగిలించాను, మీ నాన్న సుత్తి ఉండే మేకుకే. పనిశాల తాళం వేశాను. రంగు తెలియనివాడు ఇంకొకరి ముంగిట కూర్చోకూడదు. నన్ను క్షమించమని నిన్ను అడగను, నువ్వెలాంటివాడివో నాకు తెలుసు.

తయ్యిబ్


తగ్మూత్, 1978 జూలై 12

బాబాయ్, సలాం.

నీ ఉత్తరం చదవడానికి మధ్యాహ్నం అంతా పట్టింది. వంకర పంక్తులు ఎన్నో ఉన్నాయి, ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఇట్టోకు చదివి వినిపించాను. "మీ బాబాయికి చాలా ధైర్యం ఉంది" అంది. "ఆలస్యంగా వచ్చింది" అన్నాను. "ఆలస్యంగా వచ్చినవాళ్లకు కూడా రొట్టె పెడతాం" అంది.

నీ మీద కోపం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఉంది. కానీ ఇప్పుడు నమాజులో దాన్ని పక్కన పెట్టడం వచ్చింది, చెప్పుల్లాగా, బయట. మళ్లీ వచ్చాక తొడుక్కుంటాను, రోజురోజుకూ బిగువు తగ్గుతోంది.

ఇక్కడ నన్ను మేస్త్రి అంటున్నారు. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను, నువ్వు ఉన్నావేమోనని. పైఊరి ఆడవాళ్లు నలుగురు ఎండలో నడిచి వచ్చి మా నీళ్లగోడ ముందు కూర్చున్నారు. ఎంతసేపటికీ కదలరు. చివరికి వాళ్లలో పెద్దావిడ, "మాకూ ఒకటి కావాలి. దీనికన్నా పెద్దది" అంది. "దీనికన్నా పెద్దదా?" అన్నాను. "మా ఊరు కొండకు పైన ఉంది కదా" అంది, అదేదో లెక్క అన్నట్టు. ఒప్పుకున్నాను. ఒక్కణ్నే చెయ్యలేను. నేను ఒక్కణ్నే చేస్తే తేనె రంగు ముక్కలు పడతాయి.

పనిశాలకు తాళం వేశావని చదివి చాలా కోపం వచ్చింది. ముందు కోపాలు వేరు, ఇది వేరు. బాబాయ్, మనం ఎప్పుడైనా రంగు చూసి పేర్చామా? మెరుగు ముఖం నేలకు, మట్టి వీపు మనకు. పేర్చేవాడికి రంగు అక్కర్లేదు. వీపు ఆకారం తెలిస్తే చాలు, ఆ ఆకారాలు నీ వేళ్లకు తెలిసినట్టు ఈ దేశంలో ఎవరి వేళ్లకూ తెలియవు. రంగు తెలియాల్సింది కుప్పలు పెట్టేవాడికి. కుప్పలు నేను పెడతాను. ముక్క తర్వాత ముక్క నీ చేతికి అందిస్తాను, నువ్వు బోర్లా పెట్టు. నీ కళ్లు నేను, నా చేతులు నువ్వు. లేపాక తప్పు ఉంటే ఇద్దరిదీ. ఎవరి వైపూ మెడ తిప్పక్కర్లేదు.

ఫెజ్‌లో ఆ ఆకుపచ్చ ముక్క మారుస్తామని మసీదువాళ్లు అంటే ఒప్పుకోకు. అక్కడే ఉండనివ్వు. ఆ వీధిలో ప్రతివాడూ కాళ్లు కడుక్కుంటూ దాన్ని చూసి, తన తప్పు ముక్క ఏదో, ఎక్కడ ఉందో గుర్తు చేసుకోవాలి.

ఖద్దూజ్ పిన్నికి చెప్పు, కుడి మోకాలి నొప్పి తగ్గితే అది నా పుణ్యం కాదు, కనుమ మీద గొర్రెలకాపరి చెప్పినట్టు వినేవాడు చాలా దగ్గరే. ఎడమది కూడా కావాలంటే ముందే చెప్పమను.

జుబ్బా గుమ్మం నుంచి దించాను. ఈ కొండ మీద ఎండాకాలంలో కూడా పొద్దున చలే. వేసుకుంటున్నాను. మోహా చూసి, "ఆకుపచ్చ నీకు బాగుంది" అన్నాడు. "ఇది నీలం" అన్నాను. ఆయన తేరిపార చూశాడు, నా ముఖం కూడా చూశాడు. "సరే, నీలం" అన్నాడు.

ఇప్పుడు నా మాట విను, ఇది అడుక్కోవడం కాదు. సుత్తి ఆ మేకు మీద నుంచి దించు. పనిశాల తాళంచెవి పిన్ని చేతికి ఇచ్చి, పిన్నిని కూడా వెంటబెట్టుకుని రా. రంజాన్ నెలవంకకు ముందు ఆఖరి శుక్రవారం ఆగస్టు నాలుగు. ఆరోజు మోహా కింది పట్నంలో బస్సు దగ్గర గాడిదతో ఎదురు చూస్తాడు. నువ్వు దిగి, ఎక్కి, ఇక్కడికి వచ్చి, నేను కట్టిన గోడ దగ్గర చేతులు కడుక్కుని, నా పక్కన నిలబడి నమాజు చెయ్యాలి. మర్నాడు పని మొదలు.

వస్తున్నావని నీ చేత్తోనే, ఆ వంకర పంక్తుల్లోనే రాయి. జూలై ఇరవై ఎనిమిది శుక్రవారంలోపు ఆ ఉత్తరం నా చేతికి అందాలి.

బూష్తా